టెక్ సందేహాలు: హైవే ఎక్కకుండా శ్రీకాకుళం

ప్రశ్న: నెలకు రెండుసార్లయినా విజయనగరం నుంచి శ్రీకాకుళంలోని అమ్మవాళ్లింటికి స్కూటీ మీద వెళ్తాను. మ్యాప్ పెడితే ప్రతిసారీ హైవే ఎక్కించేస్తోంది. లారీల పక్కన నడపాలంటే టెన్షన్. చీపురుపల్లి వైపు ఊళ్ల దారి చూపించేలా పెట్టలేమా అండీ?

పెట్టొచ్చమ్మా. గూగుల్ మ్యాప్స్‌ లెక్కంతా నిమిషాలతోనే, అందుకే 16వ నంబరు హైవే అంటే దానికంత ఇష్టం. డైరెక్షన్స్ తెరిచి, మూడు చుక్కల మెనూలో ఆప్షన్స్‌కి వెళ్లి ‘అవాయిడ్ హైవేస్’ ఆన్ చేయండి. అయినా వేరే దారి మరీ చుట్టు అనిపిస్తే మళ్లీ హైవేకే లాక్కెళ్తుంది. ‘అవాయిడ్ టోల్స్’ జోలికి పోనక్కర్లేదు, జాతీయ రహదారి మీద మీ స్కూటీకి టోలే లేదు.

నాకు నమ్మకమైంది స్టాపుల పద్ధతి. ‘యాడ్ స్టాప్’ నొక్కి నెల్లిమర్ల, గరివిడి, చీపురుపల్లి, పొందూరు వరుసగా పెట్టండి. ఇంచుమించు రైలు పట్టాల వెంటే వెళ్తారన్నమాట. చీపురుపల్లి ఒక్కటే పెడితే, ఆ ఊరు దాటాక యాప్ మళ్లీ తన ఇష్టానికి పోవచ్చు. ఊరి పేరు కొడితే పిన్ను బజారు మధ్యలో పడుతుంది, సంత రోజైతే అంతే సంగతులు. ఊరి బయట రోడ్డు మీద వేలితో నొక్కి పట్టి పిన్ను వేసుకోండి.

బయలుదేరే ముందు దారిని ఒకసారి శాటిలైట్ వ్యూలో చూడండి. ఓ యాప్‌ని నమ్మి నేనొకసారి గెడ్డ (వాగు) గట్టు దాకా వెళ్లి, బండి తోసుకుంటూ వెనక్కొచ్చాను. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సైట్‌లో అయితే రంగే చెప్పేస్తుంది: పసుపు గీత కాస్త పెద్ద రోడ్డు, తెలుపు అంతకన్నా చిన్నది, ముక్కలు ముక్కలుగా గోధుమరంగు గీత ఉంటే ఎడ్లబండి బాట. స్కూటీతో దాని జోలికి వద్దు.

కోతల రోజుల్లో మాత్రం ఈ రోడ్ల మీద సగం దాకా ధాన్యం ఆరబోస్తారు. ఏ యాప్‌లోనూ కనిపించదది. చీకటి పడకముందే చేరేలా బయలుదేరండి.

ప్రశ్న: మా మందస వైపు కొండ దారుల్లో సిగ్నల్ పోతుంది. జీపీఎస్ పనిచేస్తుందా?

భేషుగ్గా. ఫోన్ మీరెక్కడున్నారో ఉపగ్రహాల నుంచి తెలుసుకుంటుంది, దానికి టవర్ అక్కర్లేదు. ఇంట్లో వైఫై ఉండగానే గూగుల్ మ్యాప్స్‌లో ఆ ప్రాంతం డౌన్‌లోడ్ చేసుకోండి. ఆర్గానిక్ మ్యాప్స్ అనే యాప్ అయినా సరే, ఉచితమే.