ఎక్కడో అణు ప్రమాదం జరిగితే ఇంత దూరంలో ఉన్నవాళ్లు భయపడాలా?

మీరు అడిగింది ఇదీ: జపాన్‌లో 2011లో ప్రమాదం జరిగిన ఫుకుషిమా అణువిద్యుత్ కేంద్రం నీళ్లు సముద్రంలోకి వదులుతున్నారట, మా అమ్మాయి సియాటెల్‌లో ఉంటుంది, చేపలు మానెయ్యమనాలా, అయోడిన్ మాత్రలు కొనిపెట్టుకోమనాలా అని.

రెండూ అక్కర్లేదండి. కానీ ఈ ముక్క 2011లో నాకు చాలామంది చెప్పారు, ఒక్కళ్ల మాటా వినలేదు. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

అప్పుడు మేం కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో ఉండేవాళ్లం. పాపకి 14 నెలలు. డబ్బా పాలు మాన్పించి ఆవుపాలు అలవాటు చేసి నెలన్నర అయిందేమో. మార్చి 11న జపాన్‌లో భూకంపం, సునామీ. మర్నాడు ఫుకుషిమా దాయిచీలో ఒకటో యూనిట్ పైభాగం ఎగిరిపోయింది, 14న మూడోది. పేలింది హైడ్రోజనే, అణుబాంబు లాంటిది కాదు. కానీ టీవీలో ఆ పొగ లేవడం పదిసార్లు చూశాక ఆ తేడా ఎవరి బుర్రకెక్కుతుంది? పైగా గాలి అటునుంచి ఇటే వీస్తుంది.

తెనాలి నుంచి అమ్మ ఫోన్. "ఒరేయ్, అక్కడ వానలంట కదా, పిల్లని బయటికి తీయకండి." నిజంగానే ఆ వారాల్లో వానలు పడ్డాయి. మా ఆవిడ కిటికీ సందుల్లో తువ్వాళ్లు కుక్కింది. నేను మాత్రల వేటలో పడ్డాను. పొటాషియం అయొడైడ్, 130 మిల్లీగ్రాములది. థైరాయిడ్‌ని ముందే మామూలు అయోడిన్‌తో నింపేసి, రేడియోధార్మిక అయోడిన్‌ని అందులోకి రానివ్వని మాత్ర. మందుల షాపుల్లో ఎక్కడా లేదు. రాష్ట్ర ఆరోగ్య శాఖ వద్దంటోంది, థైరాయిడ్ సమస్య ఉన్నవాళ్లకి ప్రమాదం కూడానంటోంది. అదే వారం మేముండే బే ఏరియాకి వచ్చిన రెజీనా బెంజమిన్, అప్పటి అమెరికా సర్జన్ జనరల్ (ప్రజారోగ్యానికి పెద్ద డాక్టరు) మాత్రం, కొనిపెట్టుకోవడం ముందు జాగ్రత్తే అన్నట్టు మాట్లాడారు. నాకు కావలసింది ఆ రెండో మాటే కదా! పది డాలర్ల ప్యాకెట్టుని ఆన్‌లైన్ వేలంలో నూట నలభైకి పాడుకున్నాను.

ఉప్పు సంగతి కూడా చెప్పాలి. చైనాలో అయోడిన్ ఉప్పు కోసం జనం షాపుల మీద పడ్డారన్న వార్త వచ్చిన రోజే, మా ఇంటి దగ్గర చైనీస్ సూపర్ మార్కెట్‌లోనూ ఉప్పు గల్లంతు. తర్వాతెప్పుడో లెక్క వేశాను. ఒక్క మాత్రలో ఉన్నంత అయోడిన్ రావాలంటే రెండు మూడు కిలోల ఉప్పు తినాలి. అంత తిన్నవాడి దాకా రేడియేషన్ రానక్కర్లేదు.

అసలు తప్పు చేసింది పాల దగ్గర. వాషింగ్టన్ రాష్ట్రం, స్పొకేన్‌లో పాలలో అయోడిన్-131 (రేడియోధార్మిక అయోడిన్) కనబడిందని మార్చి ఆఖర్లో వార్త. ఆ రాత్రే ఆవుపాలు సింక్‌లో పారబోసి, మళ్లీ పాలపొడి డబ్బా తెచ్చాను. పాప ఒక గుక్క తాగి, నా మొహం వంక చూసి, ఉమ్మేసింది. అరటిపండు, అన్నం పెట్టి సరిపుచ్చాం. నాలుగు రోజులు విరేచనం లేదు. ఐదో రోజు ఏడుపు ఆగక డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తాం. ఆవిడ పాప పొట్ట నొక్కి చూసి, ఏం పెడుతున్నారని అడిగింది. చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఈ నెలలో ఈ పిల్లకి రేడియేషన్ వల్ల ఏమీ కాలేదు, మీ వల్ల అయింది" అంది.

సిగ్గేసింది గానీ భయం పోలేదు. ఎందుకంటే అంతకు ముందే ఇంకో వార్త చదివి ఉన్నాను: బర్క్‌లీ యూనివర్సిటీ వాళ్లు పట్టిన వాననీళ్లలో అయోడిన్-131 తాగునీటి పరిమితికి 181 రెట్లు! అబద్ధమేం కాదు. ఆఫీసులో ఒకాయన ఆ అంకె పుట్టిన అసలు పట్టికే తెరిచి చూపించాడు. బర్క్‌లీ న్యూక్లియర్ ఇంజనీరింగ్ విభాగం వాళ్లు రోజూ వాననీళ్లు, పాలు, ఆకుకూరలు కొలిచి నెట్‌లో పెట్టేవాళ్లు. పక్కనే ఇంకో గడి: శాన్ ఫ్రాన్సిస్కో నుంచి వాషింగ్టన్ డీసీకి విమానంలో వెళ్లొస్తే (అంత ఎత్తులో ఆకాశం నుంచి కొంత రేడియేషన్ తగులుతుంది) ఒంటికి తగిలేంత రేడియేషన్ రావాలంటే ఈ నీళ్లు ఎన్ని లీటర్లు తాగాలి అని. ఆ 181 రెట్ల వాననీళ్లకే వంద లీటర్ల పైన. తాగునీటి పరిమితేమో ఆ నీళ్లే ఏడాది పొడుగునా తాగుతారనుకుని పెట్టింది. ఇదేమో ఒక్కరోజు వాన, అదీ చూరు నీళ్లు. స్పొకేన్ పాలయితే, ఆ ఆహారం విషయంలో అధికారులు జోక్యం చేసుకోవాల్సిన స్థాయికి అయిదు వేల రెట్లు తక్కువ.

రేడియోధార్మిక అయోడిన్ పిల్లలకి పెద్దవాళ్లకన్నా చాలా ఎక్కువ హాని చేస్తుంది, ఆ గడి పెద్దవాళ్ల లెక్క. అందుకని నేను పదో వంతు చేసి చూసుకున్నాను. అయినా మా పాప పది లీటర్లకి పైగా చూరు నీళ్లు తాగాలి.

నాకు నెమ్మది వచ్చింది అక్కడండి. "ఏ ప్రమాదమూ లేదు" అని ఎంత పెద్దవాళ్లు చెప్పినా రాలేదు. వచ్చిందా అని కాకుండా ఎంత వచ్చింది అని అడగాలని, ఆ ఎంతని మనకి తెలిసిన దేనితోనైనా తూచి చూడాలని అప్పటిదాకా తట్టలేదు. అదే పూట ఇంకోటీ గుర్తొచ్చింది. మా ఆవిడకీ పాపకీ హైదరాబాద్ టికెట్లు వెతికి ఉంచాను, రేడియేషన్ నుంచి తప్పించుకోవడానికి! ఆ ప్రయాణంలో పైనుంచి తగిలేది, డీసీకి వెళ్లి రావడానికి రెట్టింపు దాకా ఉంటుంది.

పాల భయం ఉత్తదని మాత్రం అనను. 1986లో చెర్నోబిల్ అణు ప్రమాదం తర్వాత చుట్టుపక్కల ఆవులు ఆ గడ్డే మేశాయి, పిల్లలు ఆ పాలే తాగారు, చెప్పాల్సినవాళ్లు వేళకి చెప్పలేదు. బెలారూస్, ఉక్రెయిన్, రష్యాల్లో అప్పటికి చిన్నవయసులో ఉన్నవాళ్లలో 2005 నాటికి ఆరు వేల పైచిలుకు థైరాయిడ్ క్యాన్సర్లు బయటపడ్డాయి. ఆ మాత్రలు పుట్టింది అలాంటి చోటు కోసం: ప్లాంటు పక్కన, ఆ గాలి తగలడానికి కాస్త ముందో, తగిలిన కొద్ది గంటల్లోనో, అధికారులు మింగమన్నప్పుడు. అవి కాపాడేది థైరాయిడ్‌ని, అదీ రేడియోధార్మిక అయోడిన్ నుంచే. అలాంటి ప్రమాదాల్లో బయటపడే ఇంకో రేడియోధార్మిక పదార్థం, సీజియంకి పనిచేయవు.

నా నూట నలభై డాలర్ల ప్యాకెట్టు ఏప్రిల్ రెండోవారంలో వచ్చింది. అయోడిన్-131 ఎనిమిది రోజులకోసారి సగమైపోతుంది. కవరు చింపే సరికి, ప్రమాదం నాడు బయటపడ్డ దాంట్లో పదో వంతు కూడా మిగిలి ఉండదు.

ఇక మీ చేపలు. ఆ మధ్య అందరి ఫోన్లలో తిరిగిన, పసిఫిక్ అంతా ఎర్రగా మండిపోతున్న మ్యాప్ చూసే ఉంటారు. అది రేడియేషన్ మ్యాపే కాదు, సునామీ అలల ఎత్తు చూపించే మ్యాప్. నిజంగా కొలిచినవాళ్లున్నారు. అమెరికాలో సముద్ర పరిశోధన చేసే వుడ్స్ హోల్ సంస్థకి చెందిన కెన్ బ్యూసెలర్ బృందం 2015 ఫిబ్రవరిలో కెనడా తీరంలోని యూక్లూలెట్ దగ్గర ఫుకుషిమా సీజియం పట్టుకుంది. వచ్చింది, కాదనలేదు. కానీ అంతకి రెట్టింపున్న నీళ్లలో ఏడాదంతా రోజూ ఆరేసి గంటలు ఈదినా, ఒంటికి తగిలేది ఒక్క పంటి ఎక్స్‌రేలో వెయ్యో వంతు. 2023 ఆగస్టు 24 నుంచి వదులుతున్న శుద్ధి చేసిన నీళ్లలో ప్రధానంగా మిగిలేది ట్రిటియం, అంటే రేడియోధార్మిక హైడ్రోజన్. లీటరుకి 1,500 బెక్వెరెల్‌లోపు (రేడియోధార్మికతని కొలిచే యూనిట్) ఉండేలా పలచన చేసి వదులుతున్నారు. తాగునీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దే 10,000.

మీ అమ్మాయి గర్భవతి అయితే పాదరసం కోసం స్వోర్డ్ ఫిష్, పెద్ద ట్యూనా జోలికి వెళ్లొద్దనండి. అది వేరే సంగతి. సాల్మన్ నిక్షేపంగా తినమనండి. పులుసుకన్నా వేపుడుకే బాగుంటుందని మా ఆవిడ మాట.