బ్లూటూత్ మెష్‌లో గ్రూప్‌కి ఆన్ కమాండ్ పంపితే సగం ఏరియేటర్లే తిరుగుతున్నాయి, ఎందుకు?

ఏరియేటర్లని (గుంట నీళ్లకి గాలి పట్టించే మోటార్లని) బ్లూటూత్ మెష్‌తో, అంటే ఒకదాని మెసేజ్ ఒకటి అందించుకునే బ్లూటూత్ బోర్డులతో నడుపుతున్నారు, ఈఎస్‌పీ32 బోర్డులు, ఒక్కో బాక్సులో రెండు రిలేలు (మోటారుని ఆన్ ఆఫ్ చేసే స్విచ్‌లు), విడిగా పంపితే ప్రతి మోటారూ ఆన్ అవుతోంది, గ్రూప్‌కి పంపితే మాత్రం సగమే కదులుతున్నాయి అన్నారు కదా. మాది నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట వైపు, మా రొయ్యల గుంటల మీద కూడా ఇలాంటి బాక్సులే ఉన్నాయి కాబట్టి మొదటి అనుమానం ఎక్కడో చెప్పగలను.

విడిగా పనిచేస్తోందంటే యాప్ కీ బైండింగ్ (కమాండ్‌ని చదివే తాళంచెవిని జతచేయడం) బాగానే ఉన్నట్టు, దాన్ని కెలకొద్దు. సబ్‌స్క్రిప్షన్, అంటే ఏ గ్రూప్ మెసేజ్‌లు వినాలో చెప్పే సెట్టింగ్, చూడండి. గ్రూప్ అడ్రస్‌కి సబ్‌స్క్రైబ్ అయ్యేది నోడ్ (మెష్‌లోని ఒక్కో బోర్డు) కాదు, ఆ నోడ్‌లోని ఒక్కో ఎలిమెంట్‌లో (సొంత అడ్రస్ ఉన్న భాగంలో) ఉన్న మోడల్ (ఆ పని చూసే సాఫ్ట్‌వేర్ ముక్క). రెండు రిలేలుంటే రెండు ఎలిమెంట్లు, రెండు జెనరిక్ ఆనాఫ్ సర్వర్లు (ఆన్, ఆఫ్ కమాండ్ తీసుకునే మోడళ్లు), రెండింటికీ వేరువేరుగా గ్రూప్ అడ్రస్ ఇవ్వాలి. ఫోన్ యాప్‌లో మొదటి ఎలిమెంట్‌కి ఇచ్చేసి అయిపోయిందనుకుంటే సరిగ్గా మీరు చెప్పినట్టు సగమే తిరుగుతాయి. అడ్రస్ హెక్స్‌లో సి000 నుంచి ఎఫ్ఈఎఫ్ఎఫ్ లోపు ఏదైనా పెట్టుకోవచ్చు. ఈ గొడవంతా ఎందుకని ఎఫ్ఎఫ్ఎఫ్ఎఫ్‌కి, అంటే అన్ని నోడ్లకీ పంపేవాళ్లున్నారు, కానీ దాన్ని ప్రతి నోడ్‌లో ప్రైమరీ (మొదటి) ఎలిమెంట్ మాత్రమే తీసుకుంటుంది, రెండో మోటారు మళ్లీ అలాగే ఉండిపోతుంది.

అది సరిచేశాక కూడా అప్పుడప్పుడు ఒకటో రెండో మిస్ అవుతుంటే, మీరు గ్రూప్‌కి జవాబు అడిగే సెట్ కమాండ్ పంపుతున్నారేమో చూడండి. అన్ని నోడ్లూ 20 నుంచి 500 మిల్లీసెకన్ల లోపే స్టేటస్ (ఆన్‌లో ఉన్నానా ఆఫ్‌లో ఉన్నానా అనే జవాబు) పంపడానికి ఎగబడతాయి, దాన్ని మెష్ రిలే ఫీచర్ ఆన్ ఉన్న బాక్సులు (విన్న మెసేజ్‌ని ముందుకు పంపేవి, మోటారు స్విచ్ రిలేలు కాదు) మళ్లీ మళ్లీ వదులుతాయి, గాలంతా సంతే. గ్రూప్‌కి జవాబు అడగని సెట్ వాడి, అదే మెసేజ్‌ని కొద్ది గ్యాప్‌తో రెండు మూడుసార్లు పంపండి, టీఐడీ (ఒక్కో కమాండ్‌కి ఇచ్చే గుర్తు) నంబరు మాత్రం అదే ఉంచండి. ఒకే చోట నుంచి 6 సెకన్ల లోపు అదే టీఐడీ వస్తే నోడ్ దాన్ని పాత మెసేజే అనుకుంటుంది కాబట్టి ఇబ్బంది లేదు. ఆన్ చేసిన వెంటనే ఆఫ్ పంపాలంటే మాత్రం టీఐడీ మార్చాల్సిందే, లేకపోతే ఆఫ్‌ని పట్టించుకోదు. ఇంకోటి, రిలే ఫీచర్ అన్ని బాక్సుల్లో ఆన్ చేయకండి, గట్టు మీద ఎత్తుగా బిగించిన కొన్నింటికి చాలు.

అసలు టెన్షన్ మెష్ సరిగ్గా పనిచేయడం మొదలయ్యాక వస్తుంది. గుంట మీది మోటార్లన్నీ ఒకే క్షణంలో స్టార్ట్ అవుతాయి, డైరెక్ట్ స్టార్టర్ మీద ఉన్న మోటారు స్టార్టింగ్‌లో మామూలు కరెంటుకి ఐదారు రెట్లు లాగుతుంది, కరెంటు పోయి జనరేటర్ మీద ఉన్నప్పుడైతే అది తట్టుకోలేదు. కమాండ్‌లోనే డిలే అని ఒకటుంది గానీ అది గరిష్ఠంగా 1.275 సెకన్లు, పైగా గ్రూప్‌లో అందరికీ ఒకటే, కాబట్టి మన పనికి రాదు. నోడ్ ప్రోగ్రాంలోనే ప్రతి ఎలిమెంట్ తన సొంత యూనికాస్ట్ అడ్రస్‌ని (తనొక్కదానికే ఉండే అడ్రస్‌ని) బట్టి కొన్ని సెకన్లు ఆగి రిలే వేసేలా రాయండి. కమాండ్ గ్రూప్‌కి ఒకటే, మోటార్లు మాత్రం ఒకదాని తర్వాత ఒకటి లేస్తాయి. ఆపడానికి ఈ గ్యాప్ అక్కర్లేదు.

స్టేటస్ కోసం ఇంకో గ్రూప్ అడ్రస్ పెట్టి, ప్రతి సర్వర్ మోడల్ దానికి పబ్లిష్ చేసేలా (తనంతట తానే పంపేలా), మీ గేట్‌వే (మీరు కమాండ్లు పంపే, జవాబులు అందుకునే బాక్సు) మాత్రమే దానికి సబ్‌స్క్రైబ్ అయ్యేలా చేయండి, ఎవరి స్టేటస్ రాలేదో వాళ్లకి విడిగా మళ్లీ పంపాలి. నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామునే, ఆ టైంలో గ్రూప్‌కి పంపాం కదా అని పడుకుంటే కుదరదు అన్నా. రిలే వేసినా మోటారు తిరగకపోవచ్చు కూడా, అందుకే స్టేటస్‌ని రిలే నుంచి కాకుండా మోటారు వైరుకి కరెంటు సెన్సార్ తగిలించి దాన్నుంచి పంపడం మేలు. ప్యానెల్లో మాన్యువల్ స్విచ్ మాత్రం పీకేయకండి.