సేల్స్ అంటే భయం, అకౌంట్స్ అంటే అలవాటు: ఏది ఎంచుకోవాలి?

ప్రశ్న: నేను కామర్స్ డిగ్రీ రెండో సంవత్సరం విద్యార్థిని. సెలవుల్లో చేయడానికి రెండు ఇంటర్న్‌షిప్ అవకాశాలు వచ్చాయి. అకౌంట్స్ పని నాకు బాగా వచ్చు. ఆరు వారాల సేల్స్ పని పూర్తిగా కొత్త. పరిచయం లేనివారితో మాట్లాడాలంటే భయం. సేల్స్‌కు వెళితే కలిగే నష్టాలు తొమ్మిది, లాభాలు రెండు అని రాసుకున్నాను. రిస్కు తీసుకోనివాడు ఎదగడని, అవసరమైతే చదువు మానేసి వ్యాపారంలోకి దిగాలని స్నేహితుడు అంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: మీ స్నేహితుడు రెండు వేర్వేరు సాహసాలను ఒకే గాటన కట్టాడు. సేల్స్ పని మీకు సరిపడదని తేలితే పోయేది ఒక సెలవు కాలం. తరగతిలో మీ చోటు మీకు ఉంటుంది. చదువు మధ్యలో ఆపితే తిరిగి చేరడానికి ఏళ్లు పట్టవచ్చు, ఒక్కోసారి అసలే కుదరకపోవచ్చు. అందుకే మొదటిదానికి వెళ్లమంటాను, రెండోది వద్దంటాను. వెనక్కి రావడానికి దారి ఉందా అన్నదే ఇక్కడ నేను చూసే లెక్క.

ఇక మీ జాబితా సంగతి. సమానమైన లాభం ఇచ్చే సంతోషం కన్నా నష్టం కలిగించే బాధే మనిషికి పెద్దదిగా తోస్తుందని మనస్తత్వవేత్తలు డేనియల్ కానమన్, ఎమోస్ ట్వెర్‌స్కీ 1979లో వివరించారు. మీ తొమ్మిది నష్టాల్లో సగం ఆ తూకంలోనే బరువెక్కి ఉంటాయి. పైగా, వచ్చిన పనినే మళ్లీ చేస్తూ ఒక సెలవు గడిపేస్తే ఏం పోతుందో మీరు ఎక్కడా రాయలేదు. అకౌంట్స్ విద్యార్థి ఖర్చుల వైపు ఒక పద్దు వదిలేయడం నాకు కొంచెం నవ్వు తెప్పించింది.

అయితే భయపెట్టే పనులన్నీ మేలు చేయవు. యెర్క్స్, డాడ్సన్ అనే పరిశోధకులు 1908లో ఎలుకలపై చేసిన ప్రయోగాల్లో, కష్టమైన పనిని నేర్పేటప్పుడు ఇచ్చే విద్యుత్ షాక్ తీవ్రత ఒక స్థాయి దాటితే నేర్చుకోవడం మందగించింది. ఎలుకల ఫలితాన్ని మనుషుల ఉద్యోగాలకు యథాతథంగా అన్వయించలేం కానీ, కొత్త పనిలోకి ఒక్కసారిగా తోసేస్తే బిగుసుకుపోయే విద్యార్థులను నేను చూస్తూనే ఉన్నాను. కాబట్టి చేరేముందే మూడు విషయాలు అడగండి: మొదటి వారం అనుభవజ్ఞుల వెంట తిరగనిస్తారా, అమ్మకాల టార్గెట్ ఎప్పటినుంచి మొదలవుతుంది, స్టైపెండ్ దానితో ముడిపడి ఉందా. తొలిరోజే ఒంటరిగా టార్గెట్‌తో పంపుతామంటే, నా సలహాను పక్కనపెట్టి అకౌంట్స్‌కే వెళ్లండి.

చేరితే మొదటి వారం వినండి, రెండో వారం పరిచయ వాక్యాలు మీరు చెప్పి మిగతాది సీనియర్‌కు వదలండి, ఆ తర్వాత ఒంటరిగా ప్రయత్నించండి. ఉదయం దేనికి భయపడ్డారో, సాయంత్రానికి నిజంగా ఏం జరిగిందో రోజూ రెండు వాక్యాలు రాసుకోండి. ఆరు వారాల తర్వాత కూడా ఆ పని నచ్చకపోతే నిస్సంకోచంగా వదిలేయవచ్చు. అప్పుడు మీరు కాదంటున్నది తెలిసిన పనిని.

సేల్స్ సంస్థ జవాబులు రాతపూర్వకంగా అందాకే అకౌంట్స్ వారికి రాలేనని తెలియజేయండి. ఆ సందేశంలోనే, వచ్చే సెలవుల్లో అవకాశం ఉంటుందా అని కూడా అడగండి.