85 వేల బ్యాగు కోసం చీటీ పాడాలా?

ప్రశ్న: నాకు రుషికొండలో ఐటీ ఉద్యోగం, జీతం చేతికి 58 వేలు వస్తుంది. సిరిపురంలో ఒకావిడ తన ఫ్లాట్‌లోనే వాడిన బ్రాండెడ్ బ్యాగులు అమ్ముతారు, ఇన్‌స్టాగ్రామ్‌లో పేజీ కూడా ఉంది. లూయీ విట్టన్ నెవర్‌ఫుల్ బ్యాగు 85 వేలు చెప్పారు. యూపీఐలో కడితే 3 వేలు తగ్గిస్తారట, వాపసు మాత్రం లేదట. 2018 నవంబరులో పారిస్‌లో కొన్నట్టు బిల్లు, బ్యాగు లోపలి కోడ్ ఫొటోలు పంపారు. 5 వేలు అడ్వాన్స్ ఇచ్చేశాను. మిగతాదానికి నా లక్ష రూపాయల చీటీ పాడదామనుకుంటున్నాను. 15 వేలు పోయినా చేతికి 85 వేలు వస్తాయి. రెండేళ్లు వాడుకుని అదే ధరకి అమ్మేయొచ్చు, బంగారం లాంటిదేనని ఆవిడ అంటున్నారు. మా ఆడపడుచేమో ఫస్ట్ కాపీ 6 వేలకే వస్తుంది, ఎవరికి తెలుస్తుంది అంటోంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: బ్యాగు సంగతికి ముందు చీటీ సంగతి చూద్దాం. చివరి నెల దాకా ఆగితే కంపెనీ కమీషన్ 5 శాతం పోను మీకు 95 వేలు వస్తాయి. ఇప్పుడు పాడితే వచ్చేది 85 వేలు. అంటే తొందరపడినందుకు 10 వేలు వదులుకుంటున్నారు, బ్యాగు మీకు 95 వేలు పడుతుంది. పాడిన తర్వాత కూడా మిగిలిన వాయిదాలు కట్టాల్సిందే. ఆ నెలల్లో ఇంట్లో ఏ ఆస్పత్రి ఖర్చో వస్తే ఆదుకోవడానికి చీటీ ఉండదు.

ఇప్పుడు అమ్మకం లెక్క. రెండేళ్ల తర్వాత కూడా మార్కెట్లో దాని ధర 85 వేలే ఉందనుకుందాం. మీరు ఏ రీసెల్లర్ దగ్గర పెట్టి అమ్మించినా వాళ్ల వాటా తీసుకుంటారు. నాలుగో వంతు పోవడం ఈ వ్యాపారంలో వింతేం కాదు. మీ చేతికి 64 వేల లోపే వస్తుంది. అది కూడా బ్యాగు అసలుదని కొనేవాళ్లు నమ్మితేనే.

బంగారంతో పోలిక అక్కడే తేలిపోతుంది. మీ గాజుల మీద హాల్‌మార్క్‌తో పాటు హెచ్‌యూఐడీ అనే ఆరు అక్షరాల గుర్తింపు కోడ్ ఉంటుంది, దాన్ని ప్రభుత్వ బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే వివరాలు వస్తాయి. కురుపాం మార్కెట్‌కి తీసుకెళ్తే నాణ్యత చూసి, తూకం వేసి ఆ రోజు ధర చెబుతారు. ఈ బ్యాగుని షోరూంకి తీసుకెళ్లి ఇది మీదేనా అని అడిగితే లూయీ విట్టన్ వాళ్లు తేల్చి చెప్పరు, ఆ సేవ వాళ్లు ఇవ్వరు. పైగా విశాఖలో వాళ్ల షోరూమే లేదు. నటి, గాయని జేన్ బిర్కిన్ పేరు మీద హెర్మెస్ కంపెనీ చేసి, ఆమే వాడిన తొలి బిర్కిన్ బ్యాగు 2025 జులైలో పారిస్ వేలంలో 86 లక్షల యూరోలకు పోయిందన్న వార్తని కూడా ఆవిడ మీకు పంపే ఉంటారు. అది ప్రపంచంలో ఒక్కటే. నెవర్‌ఫుల్ 2007 నుంచి వస్తున్న మోడల్.

సరే, మీరు పంపిన ఫొటోల సంగతి. ఇక్కడే నాకు గట్టి అనుమానం వచ్చింది. కోడ్‌లో రెండు అక్షరాల తర్వాత 2149 అని ఉంది. 2007 నుంచి లూయీ విట్టన్ ఈ అంకెల్ని వాడిన పద్ధతి ఇది: ఒకటో అంకె, మూడో అంకె పక్కపక్కన పెడితే వారం, రెండోది, నాలుగోది పక్కపక్కన పెడితే సంవత్సరం. మీ బ్యాగు 2019లో 24వ వారంలో, అంటే జూన్‌లో తయారైంది. బిల్లు తేదీ 2018 నవంబరు. తయారవడానికి ఏడు నెలల ముందే అమ్ముడుపోయిన బ్యాగు అన్నమాట!

బిల్లు వేరే బ్యాగుది కావచ్చు, లేదా బ్యాగే నకిలీ కావచ్చు. ఖాళీ డబ్బాలు, డస్ట్ బ్యాగులు (బ్యాగు మీద కప్పే గుడ్డ సంచులు), పాత బిల్లులు విడిగా అమ్ముడుపోతాయి కాబట్టి మొదటిది కూడా జరిగేదే. ఏదైనా మీకు నష్టం ఒకటే. రేపు మీ దగ్గర కొనేవాళ్లు ఇదే లెక్క వేస్తారు. ఒకవేళ తేదీలు కలిసినా కోడ్‌ని చూసి నమ్మేయకండి. అది తయారీ తేదీ చెప్పే గుర్తే, ఒక్కో బ్యాగుకి విడిగా ఇచ్చే నంబరు కాదు. నకిలీ చేసేవాడు సరైన కోడ్ కూడా అచ్చు వేయగలడు. 2021 మార్చి నుంచి కంపెనీ కోడ్ మానేసి లోపల చిప్ పెడుతోంది.

ఇంకొకటి, పిడులు. మోనోగ్రామ్ నెవర్‌ఫుల్ పిడులకు వాడే లేత రంగు తోలు ఎండకి, చేతి చెమటకి తేనె రంగులోకి తిరుగుతుంది. ఏళ్ల తరబడి వాడానంటున్న బ్యాగుకి పిడులు, అదీ మన విశాఖ ఉక్కలో, మైదాపిండిలా ఉన్నాయి. మార్పించి ఉండొచ్చు. అలాగైతే ఆ రిపేరు రసీదు అడగండి.

పెద్ద పేరున్న రీసెల్లర్ అయితే భయం లేదనీ అనలేం. న్యూయార్క్‌లో వాట్ గోస్ అరౌండ్ కమ్స్ అరౌండ్ అనే రీసేల్ సంస్థ మీద ఖరీదైన బ్యాగుల కంపెనీ షనెల్ కేసు వేస్తే 2024 ఫిబ్రవరిలో జ్యూరీ 40 లక్షల డాలర్ల పరిహారం ఇమ్మంది. నకిలీ బ్యాగుల అమ్మకం కూడా ఆ ఆరోపణల్లో ఉంది. అంత పేరున్న దుకాణం సంగతే అలా ఉంటే, వాపసు లేదనే ఫ్లాట్ వ్యాపారానికి 85 వేలు ఒక్కసారే ఎలా ఇస్తాం?

యూపీఐకి 3 వేలు ఎందుకు తగ్గిస్తున్నారో కూడా ఆలోచించండి. కార్డు మెషీన్ ఖర్చు తప్పుతుందనేది ఒక కారణం. అంతకంటే ముఖ్యమైనది, క్రెడిట్ కార్డు మీద కొన్న సరుకు నకిలీ అని తేలితే డబ్బు వెనక్కి ఇప్పించమని బ్యాంకులో డిస్ప్యూట్ (అభ్యంతరం) వేయొచ్చు. వీసా కార్డుల నిబంధనల్లో అలాంటి ఫిర్యాదుకి నకిలీ సరుకు అనే ప్రత్యేక కారణమే ఉంది, గడువు మామూలుగా 120 రోజులు. యూపీఐలో మీరే పిన్ కొట్టి పంపిన డబ్బుకి అలాంటి దారి లేదు. అలాగని కార్డు మీద కొని బాకీ మిగల్చకండి, ఆ వడ్డీ, దాని మీద 18 శాతం జీఎస్టీ చీటీ పాటకంటే ఘోరం.

మీ ఆడపడుచు మాటకి: ఫస్ట్ కాపీ, మిర్రర్ కాపీ, 7ఏ ఏ పేరు పెట్టినా అది నకిలీయే. ఆ 6 వేలలో ఒక్క రూపాయి కూడా తిరిగి రాదు. తర్వాత ఎవరికైనా అమ్మితే చిక్కు మీ మెడకే. ట్రేడ్ మార్క్స్ చట్టం, 1999 కింద నకిలీ మార్కున్న సరుకు అమ్మితే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. ఈ 85 వేల బ్యాగు నకిలీ అని తెలిసీ వేరేవాళ్లకి అంటగట్టినా అంతే.

కాబట్టి ఇది కొనకండి, చీటీని కదపకండి. బ్రాండెడ్ బ్యాగు మీద మోజు తప్పని నేననను. మీ సంపాదన, మీ ఇష్టం. కానీ దాన్ని పెట్టుబడి ఖాతాలో వేయకుండా ఖర్చు ఖాతాలో వేసి, నెలకి 5 వేలు పక్కన పెట్టండి. ఏడాదిన్నరకి 90 వేలవుతాయి. అప్పుడు జీఎస్టీ బిల్లు ఇచ్చి, వాపసుకి గడువు రాసిచ్చి, కార్డు తీసుకునే రీసెల్లర్ దగ్గరే కొనండి. బిల్లు మీది జీఎస్టీ నంబరు అసలుదో కాదో జీఎస్టీ పోర్టల్‌లో ఉచితంగా చూసుకోవచ్చు. వేరేవాళ్ల సర్టిఫికెట్ చూపిస్తే, దాన్ని ఇచ్చిన సంస్థ వెబ్‌సైట్‌లో మీరే సరిచూసుకోండి.

ఇక మీ 5 వేలు. ఫోన్లో గొడవపడొద్దు. బిల్లు తేదీకి, తయారీ తేదీకి పొంతన లేదని వాట్సాప్‌లో రాసి, ఫలానా తేదీలోగా అడ్వాన్స్ తిరిగివ్వమని అడగండి. ఆవిడ పాత మెసేజ్‌లు, బిల్లు ఫొటో, యూపీఐ రసీదు దాచుకోండి. ఇవ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. అక్కడా తేలకపోతే ఈ-జాగృతి పోర్టల్ ద్వారా విశాఖ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయొచ్చు. 5 లక్షల లోపు విలువకి ఫీజు లేదు, గడువు రెండేళ్లు. పేజీ మూసేసి, ఫోన్ ఆపేసి మాయమైతే మాత్రం అదే రోజు సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి.