నీలం, కెంపు మీద పెట్టిన డబ్బు: ఇంకో లక్షా ఇరవై వేలు ఇవ్వాలా?

ప్రశ్న: మాది రాయగడ జిల్లా గుణుపురం. మా వారికి కిరాణా దుకాణం ఉంది. ఇరవై నెలల క్రితం, జాతకం చూపించుకున్నప్పుడు పరిచయమైన ఒక రత్నాల వ్యాపారి దగ్గర మా వారికి నాలుగు క్యారెట్ల నీలం ఉంగరం, నాకు ఐదు క్యారెట్ల కెంపు లాకెట్ కలిపి 1,80,000 రూపాయలకు తీసుకున్నాం. 1,20,000 ఫోన్‌లో పంపాం, మిగతాది చేతికిచ్చాం. పెట్టుకున్నట్టూ ఉంటుంది, ఐదేళ్లలో రేటు రెట్టింపూ అవుతుంది అన్నారు. ఇప్పుడు మా అమ్మాయికి భువనేశ్వర్‌లో బీటెక్ సీటు వచ్చింది. మొదటి ఏడాదికి లక్షన్నర కట్టాలి. రాళ్లు అమ్ముదామని బరంపురంలో ఒక నగల షాపుకి వెళితే, "ఇవి కాల్చిన రాళ్లు, బంగారం కాకుండా రెండు రాళ్లకీ కలిపి 22,000 ఇస్తాం" అన్నారు. వ్యాపారిని నిలదీస్తే, "ఇంకో 1,20,000 ఇవ్వండి, వీటిని వెనక్కి తీసుకుని నిప్పు తగలని కలహండి కెంపు ఇస్తాను, దాన్ని ఎవరైనా మూడు లక్షలకు కొంటారు" అంటున్నారు. ఇంట్లో నాలుగు తులాల బంగారం తప్ప వేరే పొదుపు లేదు. ఒకటే టెన్షన్‌గా ఉంది. మేం మోసపోయామా? ఆ కెంపు తీసుకోవచ్చా?

జవాబు: అమ్మా, రెండో ప్రశ్నకు ముందు జవాబు చెప్తాను, ఎందుకంటే తొందర అక్కడే ఉంది. తీసుకోకండి. ఆ వ్యాపారికి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి, మీ రాళ్లు కూడా ఆయన చేతికి ఇవ్వకండి. ఎవరైనా మూడు లక్షలకు కొనే రాయి నిజంగా ఉంటే ఆయనే అమ్ముకోవచ్చు. 1,20,000 నగదుకీ, షాపువాళ్లు 22,000 కట్టిన రెండు రాళ్లకీ మార్చుకోవాల్సిన అవసరం ఆయనకేముంది? ఇంకో సంగతి కూడా ఉంది. మీ దగ్గరున్న నీలం, కెంపే రేపు మీకు సాక్ష్యం. అవి ఆయన దగ్గరికి వెళ్లిపోయాక ఏం అమ్మారో, ఏం చెప్పి అమ్మారో తేల్చే దారి ఉండదు.

మోసపోయామా అన్నదానికి ఒక్క మాటలో జవాబు లేదు. అది తేలాలంటే రాయిని కాల్చడం అంటే ఏమిటో ముందు తెలియాలి. షాపులో "కాల్చిన రాళ్లు" అనగానే మీకు గాజుముక్కలు అమ్మారనిపించి ఉంటుంది. అలా అనుకోనక్కర్లేదు.

కెంపు, నీలం రెండూ ఒకే ఖనిజం. అల్యూమినియం ఆక్సైడ్ స్ఫటికం, ఇంగ్లీషులో కోరండం అంటారు. అందులో కొద్దిపాటి క్రోమియం ఉంటే ఎరుపు, ఇనుము, టైటానియం కలిసి ఉంటే నీలిరంగు. భూమిలోంచి వచ్చిన రాయి చాలాసార్లు మసకగా, పాలు కలిపినట్టు ఉంటుంది. లోపల సన్నటి సూదుల్లా టైటానియం ఆక్సైడ్ పేరుకుపోయి ఉండటమే దానికి కారణం. ఈ ఖనిజం కరగాలంటే దాదాపు 2,050 డిగ్రీల సెల్సియస్ కావాలి కాబట్టి 1,600 నుంచి 1,800 డిగ్రీల కొలిమినైనా తట్టుకుంటుంది. ఆ వేడికి సూదులు రాయిలో కలిసిపోతాయి, మసక విడిపోతుంది. విడుదలైన టైటానియం ఇనుముతో జతకడితే నీలం చిక్కబడుతుంది. కొలిమిలో ఆక్సిజన్ తక్కువగా ఉంచితే నీలిరంగు పెరుగుతుంది, ఎక్కువగా ఉంచితే మరీ ముదురు నీలం తేలికపడుతుంది. శ్రీలంకలో గ్యుడా అనే తెల్లటి మసక రాళ్లు ఒకప్పుడు పెద్దగా విలువ చేసేవి కావు. 1970ల్లో థాయిలాండ్ వ్యాపారులు వాటిని కొనుక్కెళ్లి కాల్చి, చక్కటి నీలాలుగా మార్చి అమ్మారు. ఆ దేశంలోని చంతబురి ఊరు ఈ పనికి పేరుమోసింది.

ఇది నిన్న మొన్న పుట్టిన విద్య కూడా కాదు. శ్రీలంకలో కొబ్బరిచిప్పల బొగ్గు మీద రాయి పెట్టి, మన కంసాలుల ఊదుగొట్టం లాంటి గొట్టంతో ఊది, కెంపులో కనిపించే ఊదా ఛాయను పోగొట్టడం తరాలుగా ఉంది. వెయ్యేళ్ల క్రితం అల్ బిరూనీ అనే పండితుడు కూడా కెంపులు కాల్చడం గురించి రాశాడు. ఇవాళ మార్కెట్లో ఉన్న కెంపులు, నీలాల్లో అత్యధిక భాగం కొలిమి చూసినవే. మామూలుగా వేడి చేసి వచ్చిన రంగు వెలిసిపోదు, రాయి జీవితాంతం అలాగే ఉంటుంది. టాంజనైట్, చాలావరకు ఆక్వామెరీన్ కూడా ఇలా వేడిచేసి రంగు తెచ్చినవే. కాబట్టి కాల్చిన రాయి అమ్మడం తప్పు కాదు. కాల్చిన సంగతి దాచి, కాల్చని రాయి ధర తీసుకోవడం మోసం. నిప్పు తగలకుండానే మంచి రంగు, మంచి మెరుపు ఉన్న రాయి చాలా అరుదు. అందుకే అలాంటి రాయి ధర కాల్చినదానికి రెండింతలు కావచ్చు, అంతకన్నా చాలా ఎక్కువా కావచ్చు.

నాకు భయంగా ఉన్నది మీ కెంపు గురించి. 2004 ప్రాంతం నుంచి ఇంకో రకం సరుకు మార్కెట్లో నిండిపోయింది. నిండా పగుళ్లున్న, నగలకు పనికిరాని కోరండం ముక్కల్ని శుభ్రంచేసి, సీసం కలిసిన గాజును వేడిలో ఆ పగుళ్లలోకి ఎక్కిస్తారు. పగుళ్లు కనబడవు, రాయి ఎర్రగా తళతళలాడుతుంది. దీన్ని గ్లాస్ ఫిల్లింగ్ అంటారు. ఐదు క్యారెట్ల కెంపు, చూడ్డానికి శుభ్రంగా ఉంది, ధర మాత్రం అందుబాటులో ఉంది అంటే ముందు దీన్నే అనుమానించాలి. నిజంగా ఆ పరిమాణంలో మంచి కెంపు లక్ష, లక్షన్నరకు రాదు. గాజు నింపిన కెంపు క్యారెట్ కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. ఇది మన్నదు కూడా. ఉంగరం సరిచేయడానికి కంసాలి టార్చి పెట్టినా, నగలు కడిగే ఆమ్లంలో వేసినా గాజు దెబ్బతింటుంది. నిమ్మరసం కూడా దాన్ని తినేస్తుంది. మనం నగలకు నిమ్మకాయ, చింతపండు పెట్టి తోమే అలవాటు ఉంది కదా, పరీక్ష అయ్యేదాకా ఆ లాకెట్‌కి అలాంటివేవీ తగలనివ్వకండి.

నీలంలోనూ ఒక మెలిక ఉంది. టైటానియం పొడిలో పెట్టి కాల్చితే రంగు పైపొరకే పడుతుంది, మళ్లీ సానపడితే పోతుంది. 2000ల మొదట్లో బెరీలియం వాడి లోపలిదాకా రంగు మార్చే పద్ధతి వచ్చింది, ఇదే ఖనిజంలో పసుపు రాళ్లయిన పుష్యరాగాల్లో అది ఎక్కువ. వీటి విలువ మామూలుగా కాల్చిన రాయి కంటే చాలా తక్కువ.

ఇవన్నీ కంటితో తేలేవి కావు. బరంపురం షాపువాళ్లు భూతద్దంతో చూసి చెప్పింది నిజం కావచ్చు, కానీ దాని మీద మీరు కేసు నిలబెట్టలేరు. వాళ్లు చెప్పిన 22,000 కూడా అసలు విలువేమీ కాదు. కొని, మళ్లీ అమ్మి లాభం చూసుకునేవాళ్లు చెప్పే రేటు అది. వ్యాపారి మీకు చిన్న కార్డు లాంటి సర్టిఫికెట్ ఏదైనా ఇచ్చి ఉంటే తీసి చూడండి. "నేచురల్ సఫైర్" అని ఉంటే అది భూమిలో పుట్టిందని మాత్రమే అర్థం, కాల్చారో లేదో అది చెప్పదు. ట్రీట్‌మెంట్ లేదా కామెంట్స్ అనే చోట ఏం రాశారో చూడాలి. అక్కడ ఖాళీ ఉంటే ఆ కాగితం మీకు ఏ హామీ ఇవ్వనట్టే. లాకెట్ మీద హాల్‌మార్క్ ఉన్నా అది బంగారానికే, రాయికి సంబంధం లేదు.

పరీక్షకు జైపూర్‌లో రత్నాభరణాల ఎగుమతి ప్రోత్సాహక మండలి వారి ల్యాబు ఉంది. ఇదివరకు జెమ్ టెస్టింగ్ లేబొరేటరీ అనేవారు, ఇప్పుడు ఐఐజీజే రీసెర్చ్ అండ్ లేబొరేటరీస్ సెంటర్ అంటున్నారు. ముంబయిలో కూడా రత్నాలు పరీక్షించే ల్యాబులు ఉన్నాయి. ముందే ఫోన్ చేసి రుసుమెంతో, రాయిని నగలోంచి తీసి పంపాలో అలాగే పంపొచ్చో అడగండి. విడి రాయికైతే పరీక్ష పక్కాగా జరుగుతుంది. తీయించేటప్పుడు మీ వారు పక్కనే ఉండి, ముందూ తరవాతా ఫోటోలు తీసి, తూకం రాయించుకోవాలి. రాయి మారిపోయిందనే గొడవ రాకుండా ఉంటుంది. "కాల్చారా, ఏదైనా నింపారా, రంగు ఎక్కించారా" ఈ మూడూ నివేదికలో రావాలని స్పష్టంగా అడగండి.

ఇక మీరు అసలు ఆలస్యం చేయకూడని పని. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం ఫిర్యాదుకు రెండేళ్ల గడువు. మీరు కొని ఇరవై నెలలైంది. మోసం తెలిసింది ఇప్పుడే కాబట్టి గడువు ఇప్పటినుంచి లెక్కించాలని వాదించవచ్చు, కానీ ఆ వాదన మీద ఆధారపడకండి. మిగిలిన నాలుగు నెలల్లోనే ఫిర్యాదు పడిపోవాలి. ముందు వ్యాపారికి ఒక ఉత్తరం రాయండి: ఏ తేదీన ఏం కొన్నారు, ఎంత ఇచ్చారు, ఏం చెప్పి అమ్మారు, పదిహేను రోజుల్లో డబ్బు తిరిగి ఇవ్వాలి. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. ఆయన కదలకపోతే రాయగడలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. ఆయన ఏ ఊరివాడైనా మీరు ఉండే జిల్లాలో వేసుకునే హక్కు ఈ చట్టం ఇచ్చింది. కొన్న ధర ఐదు లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. రాళ్లను ల్యాబుకు పంపించే అధికారం కమిషన్‌కూ ఉంది. ఎలా మొదలుపెట్టాలో తెలియకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి.

ఇక్కడ ఒక జాగ్రత్త. మళ్లీ అమ్ముకోవడానికి కొన్న సరుకుకు ఈ చట్టం వర్తించదు. మీరు కొన్నది పెట్టుకోవడానికి, ఇద్దరూ పెట్టుకుంటున్నారు. ఫిర్యాదులో ఉన్నది ఉన్నట్టు అదే ముందు రాయండి. రెట్టింపవుతుందన్న మాట వ్యాపారి నమ్మించడానికి చెప్పిన మాటగా రావాలి. 1,20,000కి మీ బ్యాంకు స్టేట్‌మెంటే రుజువు. చేతికిచ్చిన 60,000కి బిల్లు లేకపోతే వాట్సాప్‌లో ఆ మొత్తం ప్రస్తావన ఎక్కడైనా ఉందేమో వెతకండి. "ఇంకో 1,20,000 ఇస్తే నిప్పు తగలని కెంపు ఇస్తాను" అన్న మాటను కూడా మెసేజ్‌లో రాయించుకోగలిగితే మంచిది. మొదట అమ్మినవి కాల్చినవేనని అందులో ఆయనే ఒప్పుకున్నట్టవుతుంది.

కలహండి పేరు వినగానే నమ్మకం కలగడం సహజమే. మన పక్క జిల్లానే కదా. అక్కడి జిల్లింగధర్‌లో కెంపులు, నువాపడా జిల్లా సీనాపాలి వైపు వైడూర్యం, అలెగ్జాండ్రైట్ దొరికిన మాట నిజం. అయితే కలహండిలో పుట్టిన రాయిని కూడా కాల్చవచ్చు, దానిలోనూ గాజు నింపవచ్చు. పుట్టిన ఊరు రాయికి హామీ కాదు. పైగా ఆ ప్రాంతంలో అనుమతి లేని తవ్వకాల గురించి వార్తలు వస్తూనే ఉన్నాయి. బిల్లు లేకుండా అలాంటి రాయి మీ ఇంట్లో ఉండటం ఇంకో తలనొప్పి.

ఐదేళ్లలో రెట్టింపు అంటే ఏటా దాదాపు 14.9 శాతం పెరగాలి. పోస్టాఫీసు కిసాన్ వికాస్ పత్రలో 7.5 శాతం వడ్డీకి డబ్బు రెట్టింపు కావడానికి 115 నెలలు పడుతుంది, దానికి ప్రభుత్వం పూచీ. రాయికి రోజువారీ రేటు ఏ పేపర్లోనూ రాదు, ఫలానా ధరకు వెనక్కి కొనాల్సిన బాధ్యత ఎవరికీ లేదు. బంగారం తాకట్టు పెట్టినా రాయి బరువు తీసేసే లెక్కగడతారు. గ్రహశాంతికి రాయి పెట్టుకోవడం మీ నమ్మకం, దాన్ని నేను కాదనను. ఆ డబ్బును మాత్రం పొదుపు లెక్కలో రాయకండి, ఖర్చు లెక్కలోనే రాయండి.

ఇప్పుడు అమ్మాయి ఫీజు. సీటు కాగితం, ఫీజుల వివరం తీసుకుని ఈ వారమే బ్యాంకుకు వెళ్లండి. విద్యా రుణం నాలుగు లక్షల వరకు సాధారణంగా హామీ ఆస్తి అడగరు, తల్లో తండ్రో సహ రుణగ్రహీతగా సంతకం చేస్తే చాలు. మొదటి ఏడాదికే కాకుండా నాలుగేళ్లకూ కలిపి అడగండి, విడతలుగా నేరుగా కాలేజీకే కడతారు. కాలేజీ, కేంద్ర ప్రభుత్వ విద్యా రుణాల పథకమైన పీఎం విద్యాలక్ష్మి జాబితాలో ఉందేమో చూడండి. ఉంటే, కుటుంబ ఆదాయం ఏటా ఎనిమిది లక్షల లోపయితే, చదువుకునే కాలంలో పది లక్షల వరకు రుణానికి 3 శాతం వడ్డీ రాయితీ వచ్చే అవకాశం ఉంది. చదువు అయ్యాక ఏడాది దాకా వాయిదాలు మొదలుకావు, కానీ వడ్డీ మాత్రం పెరుగుతూ ఉంటుంది. దుకాణం ఆదాయంలోంచి నెలనెలా ఆ వడ్డీ వరకైనా కట్టగలిగితే తరవాత భారం చాలా తగ్గుతుంది.

రుణం మంజూరు కావడానికి వారాలు పట్టొచ్చు. ఈలోగా కాలేజీ గడువు ముంచుకొస్తే బ్యాంకులో బంగారం మీద అప్పు తీసుకోండి. రెండున్నర లక్షల లోపు అప్పుకు బంగారం విలువలో 85 శాతం వరకు ఇవ్వడానికి రిజర్వు బ్యాంకు నిబంధనలు ఒప్పుకుంటాయి. ఇప్పటి రేట్లలో మీ నాలుగు తులాల్లో సగం కూడా పెట్టక్కర్లేకపోవచ్చు. బయటి వడ్డీవ్యాపారుల దగ్గరికి వెళ్లొద్దు. ఆ ఉంగరం, లాకెట్ మాత్రం తాకట్టు పెట్టకండి, అవి కేసుకు కావాలి. వ్యాపారి దగ్గర నుంచి రావాల్సిన డబ్బును ఈ ఏడాది ఫీజు లెక్కలో కలపకండి. వచ్చినప్పుడు ముందు బంగారం విడిపించుకుని, మిగిలింది విద్యా రుణం ఖాతాలో కట్టేయండి.