మొదటి చెక్క ఓడ నమూనాకు పనిముట్లు: యంత్రాలకు ముందు స్వర్ణకారుల అంగడికి వెళ్ళండి

మీరు కడపలో ఉంటున్నారనీ, ఉద్యోగ విరమణ తరువాత చెక్క ఓడల నమూనాలు కట్టడం మొదలుపెట్టాలనుకుంటున్నారనీ, అందుకు 30 వేల రూపాయలు పక్కన పెట్టారనీ రాశారు. చిన్న టేబుల్ సా (బద్దలు కోసే బల్ల రంపం), స్క్రోల్ సా (వంపులు కోసే సన్నని యంత్రపు రంపం), చిన్న లేత్ (కొయ్యను తిప్పుతూ గుండ్రంగా చెక్కే యంత్రం), రోటరీ టూల్ (చేతిలో పట్టుకునే చిన్న డ్రిల్లు యంత్రం), ఈ నాలుగింటిలో దేనిని ముందు కొనాలని మీ ప్రశ్న. ఇప్పుడు నాలుగింటిలో ఏదీ కొనవద్దని నా సమాధానం. నేను ప్రొద్దుటూరులో పదమూడేళ్ళుగా ఈ పని చేస్తున్నాను. మూడు ఓడలు పూర్తి చేశాను, నాలుగోదాని పొట్టకు పలకలు వేస్తున్నాను. మొదటి మూడేళ్ళలో నేను యంత్రాల మీద పెట్టిన డబ్బులో చాలా భాగం వృథా అయింది కనుక, మీకు ఆ ఖర్చు తప్పాలన్న కోరికతో కొంచెం వివరంగానే రాస్తున్నాను.

ఓడ నమూనా అనగానే మనకు వడ్రంగి పని గుర్తుకు వస్తుంది. కొలతలు ఒకసారి లెక్క వేసి చూడండి. 1:64 స్కేలులో అసలు ఓడలోని ఒక అడుగు మన నమూనాలో 4.76 మి.మీ. అవుతుంది. పది అంగుళాల వెడల్పు గల పలక దాదాపు 4 మి.మీ. బద్ద అవుతుంది. అంగుళం లావు గల కొయ్య మేకు 0.4 మి.మీ. అవుతుంది. ఈ కొలతల దగ్గర వడ్రంగి రంపానికీ ఉలికీ పని లేదు. ఇవి నగల పని కొలతలు. అందుకే ఈ అభిరుచికి కావలసిన సామాను హార్డ్‌వేర్ దుకాణంలో కన్నా స్వర్ణకారుల పనిముట్లు అమ్మే అంగడిలోనే ఎక్కువగా దొరుకుతుంది. పసిడి వ్యాపారానికి పేరుబడ్డ ప్రొద్దుటూరు మీకు బస్సు ప్రయాణమంత దూరంలోనే ఉంది. ఇంటర్నెట్‌లో వారాలపాటు వెతికి తెప్పించుకునే వస్తువులను అక్కడ చేతితో పట్టి చూసి కొనవచ్చు.

ఆ అంగడిలో ముందుగా నగల రంపం చట్రాన్ని, దానికి 2/0 నంబరు బ్లేడ్లను తీసుకోండి. బ్లేడు పళ్ళు పిడి వైపుకు తిరిగి ఉండాలి, అంటే రంపం కిందికి లాగేటప్పుడు కోయాలి. మీటితే సన్నని తీగలా మోగేంత బిగువుగా బ్లేడును కట్టాలి. బల్ల అంచుకు వీ ఆకారపు గాడి ఉన్న చిన్న చెక్కను బిగించి, ఆ గాడి మీద పనిని ఆనించి కోస్తే, మీరు స్క్రోల్ సాతో చేయాలనుకున్న పనిలో ముప్పాతిక వంతు దీనితోనే జరుగుతుంది. తరువాత సూది ఆకురాళ్ళ జత కొనండి. కొయ్యకు వాడే ఆకురాయిని ఇత్తడికి వాడకండి. సన్నని డ్రిల్లు బిట్లను పట్టుకుని వేళ్ళతో తిప్పే పిన్ వైస్ ఒకటి, 0.4 నుంచి 1 మి.మీ. వరకు బిట్లు, మొన సరిగ్గా కలిసే శ్రావణాలు రెండు, గడియారాలు బాగుచేసేవారు కంటికి పెట్టుకునే భూతద్దం ఒకటి తీసుకుంటే సరిపోతుంది. శ్రావణాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టి మూసి చూడండి. మొనల మధ్య వెలుగు కనిపిస్తే అది మనకు పనికిరాదు.

అక్కడే దొరికే కమ్మచ్చు గురించి వేరుగా చెప్పాలి. వెండి, బంగారు తీగలను సన్నగా లాగడానికి వరుసగా చిన్నవౌతూ పోయే రంధ్రాలున్న ఆ ఉక్కు పలకతోనే మనం కొయ్య మేకులు తయారు చేసుకుంటాము. బాగా ఎండిన వెదురును రంపంతో కోయకుండా, కత్తితో పీచు వెంబడి చీల్చి, ఒకటిన్నర మి.మీ. మందం పుల్లలుగా చేసుకోవాలి. కోసిన పుల్లలో పీచు మధ్యలో తెగుతుంది కనుక లాగేటప్పుడు విరుగుతుంది, చీల్చిన పుల్ల విరగదు. కొన చెక్కి, పెద్ద రంధ్రంతో మొదలుపెట్టి ఒక్కొక్క రంధ్రం నుంచీ లాగుతూ పోతే పుల్ల గుండ్రంగా సన్నబడుతుంది. స్వర్ణకారులు తీగను రంధ్రం వెడల్పుగా ఉన్న వైపు నుంచి దూర్చి లాగుతారు, అక్కడ లోహం నలిగి సన్నబడుతుంది. వెదురు నలగకూడదు, చెక్కబడాలి. కాబట్టి మనం పలకను తిప్పి, రంధ్రం అంచు పదునుగా ఉన్న వైపు నుంచి దూర్చాలి. ఈ ఒక్క సంగతి తెలియక నేను రెండు నెలలు పీచులు రేగిన మేకులతో కష్టపడ్డాను. నా కమ్మచ్చు కొన్న అంగడిలో ఒక పెద్దాయన నేను చేస్తున్నది అడిగి తెలుసుకుని, పలకను చేతిలోకి తీసుకుని తిప్పి ఇచ్చారు.

కత్తి విషయంలో ఖరీదైన హాబీ కత్తుల జోలికి పోవలసిన అవసరం లేదు. శస్త్రచికిత్స పరికరాలు అమ్మే దుకాణంలో 3వ నంబరు పిడి, దానికి సరిపోయే 11వ నంబరు బ్లేడ్లు అడగండి. మొద్దుబారిన బ్లేడు కొయ్యను కోయదు, నొక్కి చీలుస్తుంది, అదుపు తప్పి వేలి మీదికి వస్తుంది. కనుక బ్లేడ్లు మార్చడంలో పొదుపు చేయకండి. అర మి.మీ. గీతలున్న ఉక్కు స్కేలు, వెర్నియర్ కాలిపర్, చిన్న మూలమట్టం, మూడు నాలుగు రకాల ఉప్పుకాగితాలు, వాటిని అంటించడానికి నునుపైన చెక్క దిమ్మెలు, రెండు డజన్ల బట్టల క్లిప్పులు కావాలి. జిగురుకు మామూలు తెల్ల ఫెవికాల్ చాలు. క్షణంలో అతికే జిగురును ఓడ పొట్ట మీద వాడకండి. అది కొయ్యలోకి ఇంకిన చోట తరువాత రంగు పట్టదు.

పనిముట్ల కన్నా మన ప్రాంతంలో ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ఎండ. నా మొదటి ఓడకు నేను పలకలు అంటించినది ఏప్రిల్, మే నెలలలో. వేడికి తట్టుకోలేక ఎయిర్ కూలరుకు ఎదురుగా బల్ల వేసుకున్నాను. కూలరు గాలి చల్లగా ఉంటుంది గాని నిండా తేమతో వస్తుంది. బద్దలు ఆ తేమను పీల్చుకుని ఉబ్బాయి, ఉబ్బిన బద్దలనే నేను సందు లేకుండా అదిమి అంటించాను. పొట్ట ఎంతో అందంగా వచ్చిందని సంతోషించి మరో గదిలోని అల్మారాలో పెట్టాను. వారం రోజులలో ప్రతి రెండు పలకల మధ్య తలవెంట్రుక దూరేంత సందు కనిపించింది, ముందు కొన దగ్గర రెండు పలకలు నిలువునా చీలాయి. కొయ్య పొడవులో దాదాపు మారదు, పీచుకు అడ్డంగా మాత్రం తేమతో పెరుగుతుంది, తరుగుతుంది. కిట్లలో, అంటే భాగాలు ముందే కోసి నక్షాతో పాటు అమ్మే పెట్టెలలో, వచ్చే బాస్‌వుడ్ వంటి మెత్తని కొయ్యలో తేమ ఐదు శాతం తగ్గితే 60 మి.మీ. వెడల్పు మీద దాదాపు ఒక మి.మీ. వరకు తరుగుదల ఉంటుంది. అందుకని బద్దలను పెట్టెలోంచి తీసి, ఓడ చివరకు ఏ గదిలో ఉంటుందో ఆ గదిలోనే రెండు వారాలు వదులుగా పరచి ఉంచండి. పని జరిగే గదిలో కూలరు నడపకండి. మే నెలలో నేను తెల్లవారుజామున ఐదు నుంచి ఎనిమిది వరకే పలకలు వేస్తాను.

వంచడానికి బద్దను వేడినీళ్ళలో పావుగంట నానబెట్టడం అందరూ చెబుతారు. నానిన బద్దను అలాగే అంటించకూడదన్నది మాత్రం మన ఎండలో మరింత ముఖ్యం. నానబెట్టిన తరువాత, 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ మీద ఇత్తడి గొట్టం తొడిగి దాని చుట్టూ నెమ్మదిగా వంచి, ఓడ మీదనే జిగురు లేకుండా క్లిప్పులతో బిగించి, రాత్రంతా ఆరనివ్వండి. మరునాటికి అది తన స్థానంలో ఆకారం పట్టి ఉంటుంది. అప్పుడు జిగురు రాయండి.

పలకల వెడల్పు నిర్ణయించడానికి ఖరీదైన పరికరాలు అమ్ముతారు. నాకు కాగితపు పట్టీ సరిపోయింది. ఓడ నడిమి అడ్డపలక (పొట్టకు ఆకారమిచ్చేలా లోపల అడ్డంగా నిలిపే పలక) అంచు వెంబడి సన్నని కాగితపు పట్టీని చుట్టి పొడవు గుర్తు పెట్టండి. అది 96 మి.మీ. ఉండి మీ బద్ద 4 మి.మీ. అయితే ఒక్కో వైపుకు 24 పలకలు. అదే పట్టీతో అణియం, అంటే ఓడ ముందు కొన దగ్గర కొలిస్తే 60 మి.మీ. వచ్చిందనుకుందాము. అక్కడ ప్రతి పలకా 2.5 మి.మీ.కు సన్నబడాలి. పలక తన వెడల్పులో సగానికన్నా సన్నబడకూడదన్నది ఈ పనిలో పాటించే నియమం. అలా సన్నబడవలసి వస్తే రెండు పలకలను ఒకటిగా కలిపి ముగించాలి. ఈ లెక్క వేయకుండా పై నుంచి కిందికి బద్దలు అంటించుకుంటూ పోయిన నమూనాలలో చివరకు మిగిలే త్రికోణపు సందులను లప్పంతో పూడ్చడం నేను చాలా చూశాను, నా మొదటి ఓడలో నేనే చేశాను.

ఇక మీ యంత్రాలు. స్క్రోల్ సా సంగతి పైన చెప్పాను. కిట్టులో బద్దలు కోసే వస్తాయి కనుక టేబుల్ సాకు పని లేదు. నేను తక్కువ ధరకు కొన్న దాని కంచె, అంటే కొయ్యను ఆనించి తోసే అడ్డుపట్టీ, బ్లేడుకు సమాంతరంగా నిలవక, ఒక కొన 4 మి.మీ., మరో కొన 3.6 మి.మీ. ఉన్న బద్దలు వచ్చేవి. సొంతంగా కొయ్య కొని కట్టే రోజు వస్తే, అప్పుడు కంచె నిక్కచ్చిగా ఉన్న మంచి యంత్రమే కొనండి, అంతవరకూ దూలం కోత మీ వీధి చివరి కొయ్య మిల్లుకు వదిలేయండి. రోటరీ టూలు నిమిషానికి వేల చుట్లు తిరిగి సన్నని బిట్లను విరుస్తుంది, కొయ్యను మాడుస్తుంది. లేత్ తెరచాప స్తంభానికని అంటున్నారు గాని, అసలు స్తంభాలను కూడా చేతితోనే చెక్కేవారు. చదరపు కమ్మీ ముఖాన్ని 7, 10, 7 నిష్పత్తిలో గీతలతో విభజించి, మూలలు తీసేస్తే ఎనిమిది ముఖాలు వస్తాయి. వాటి మూలలు తీస్తే పదహారు, ఆపై ఉప్పుకాగితంతో గుండ్రం. స్తంభం పైకి పోయేకొద్దీ సన్నబడే తీరు ఈ పద్ధతిలో చేతికి తెలుస్తూ వస్తుంది. ఈ పని చేస్తున్నప్పుడు నాకు కలిగే ఆనందం ఓడ పూర్తయినప్పుడు కూడా కలగలేదు.

కొయ్య ఎంపిక గురించి మీరు అడగలేదు, అయినా కడపవారు కనుక ఒక మాట. టేకుతో కట్టిన ఓడలు శతాబ్దాలు నిలిచాయి. 1817లో బొంబాయిలో టేకుతో నిర్మించిన ట్రింకొమలీ అనే యుద్ధనౌక నేటికీ ఇంగ్లండులోని హార్టిల్‌పూల్‌లో నీటి మీద ఉంది. నమూనాకు మాత్రం టేకు వద్దు. దాని పీచు రంధ్రాలు 1:64 స్కేలులో గుంతల్లా కనిపిస్తాయి. ఏటికొప్పాక బొమ్మలకు వాడే అంకుడు కొయ్య సన్నని పీచుతో, లేత దంతపు రంగుతో ఉంటుంది. నా నాలుగో ఓడ దానితోనే కడుతున్నాను. నమూనా పని తెలిసిన ఎవరైనా ఎర్రచందనం ముక్కలు ఇస్తామంటే, అటవీ శాఖ పత్రాలు లేకుండా తాకవద్దు. శేషాచలం, లంకమల అడవుల చుట్టూ బతుకుతున్న మనకు ఆ చెట్టు ఏమౌతున్నదో వేరే చెప్పనక్కరలేదు.

మొదటి ఓడగా ఒకే స్తంభం గల చిన్న పడవ కిట్టును ఎంచుకోండి. బొమ్మ చూసి చాలామంది విక్టరీ అనే పాత బ్రిటిష్ యుద్ధనౌకతో మొదలుపెడతారు. మూడు స్తంభాలు, 104 ఫిరంగులు ఉన్న ఆ ఓడకు ఒకే రకపు భాగాన్ని వందసార్లు చేయాలి, పొట్ట పూర్తికాకముందే ఓపిక అయిపోతుంది. కిట్టు వచ్చిన రోజే నక్షాకు పూర్తి కొలతలో రెండు ప్రతులు తీయించి, అసలును చుట్టి దాచండి. ప్రతి మీది స్కేలు గీతను ఉక్కు స్కేలుతో కొలిచి చూడండి. కొన్ని జిరాక్స్ యంత్రాలు ఒక శాతం కుదించి తీస్తాయి, అర మీటరు ఓడలో అది 5 మి.మీ. తేడా. అలాంటి ప్రతిని గోడకు అంటించుకోండి గాని, దాని మీద పెట్టి అడ్డపలకలు కోయకండి.