'హ్యాండ్' అంటే చేయి ఒక్కటేనా?

ప్రశ్న: డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. పోటీ పరీక్షల కోసం ఇంగ్లిష్ జాతీయాల పట్టికలు బట్టీ పడుతున్నాను. వారం తిరగకుండానే మరచిపోతున్నాను. ఒక మాదిరి పరీక్షలో 'షార్ట్ హ్యాండెడ్' అంటే 'పొట్టి చేతులున్న' అని గుర్తించాను. ఉద్యోగానికి ఇవన్నీ అవసరమా? ఎలా చదవాలి?

జవాబు: 'షార్ట్ హ్యాండెడ్' అంటే పనికి తగినంత మంది లేకపోవడం. లోపం మీ జ్ఞాపకశక్తిలో లేదు. ఓడలో నావికుణ్ని, పొలంలో కూలీని ఇంగ్లిష్‌లో 'హ్యాండ్' అంటారని ఆ పట్టిక మీకు చెప్పలేదు, అంతే. ఆ ఒక్క అర్థం పట్టుబడితే సిబ్బంది అందరినీ పిలిచే 'ఆల్ హ్యాండ్స్' సమావేశమూ, అనుభవం పండిన 'ఓల్డ్ హ్యాండ్' కూడా బట్టీ లేకుండానే బోధపడతాయి. మనం 'చేయి తిరిగిన' పనివాడు అంటాం కదా, దానికి దగ్గరిదే ఇది.

అయితే తెలుగు పోలిక అన్నిచోట్లా నమ్మదగినది కాదు. తెలుగులో 'చేయిచ్చాడు' అంటే నమ్మించి మోసం చేశాడని. ఇంగ్లిష్‌లో ఒకరికి 'హ్యాండ్' ఇవ్వడం సాయపడటం. అదే 'బిగ్ హ్యాండ్' అయితే చప్పట్లు! ఇలాంటి తేడాలను ఎర్ర సిరాతో రాసుకోండి, మరచిపోరు.

ఎక్కువమంది తడబడేది పక్కనుండే చిన్న మాటల దగ్గర. 'ఆన్ హ్యాండ్' అంటే అవసరానికి అందుబాటులో ఉన్నది. 'ఇన్ హ్యాండ్' అంటే ప్రస్తుతం చేపట్టిన పని, లేదా అదుపులో ఉన్న వ్యవహారం. 'ఔట్ ఆఫ్ హ్యాండ్'కు రెండు ముఖాలు. పరిస్థితి గురించి అంటే అదుపు తప్పిందని, ఒక ప్రతిపాదనను అలా తిరస్కరించారంటే ఆలోచించకుండానే తోసిపుచ్చారని. వాక్యం మొత్తం చదివితే తప్ప ఏది సరైనదో తేలదు. జాతీయాలను విడిగా చదవవద్దని నేను పట్టుబట్టేది అందుకే.

ఇక ఉద్యోగం సంగతి. 'హ్యాండ్ ఇన్' అంటే సమర్పించడం, 'హ్యాండ్ ఓవర్' అంటే అప్పగించడం. ప్రకటనల్లో కనిపించే 'హ్యాండ్స్ ఆన్' అనుభవం అంటే స్వయంగా చేసిన పని. ఈ మూడూ ఆఫీసులో తరచూ వినిపిస్తాయి కాబట్టి తప్పక తెలియాలి. మిగతావి విన్నప్పుడు అర్థమైతే చాలు, మీ నోట రావలసిన అవసరం లేదు. ఇంటర్వ్యూలో జాతీయాలు గుప్పించే అభ్యర్థి కంటే తాను చేసిన పనిని తేలిక మాటల్లో చెప్పే అభ్యర్థే నాకు నచ్చుతాడు.

వారానికి ఒక్క మాట తీసుకోండి. నోటు పుస్తకంలో దానికి ఒక పేజీ కేటాయించి, ప్రతి ప్రయోగానికీ మీ రోజులో జరిగిన విషయంతో ఒక వాక్యం రాయండి. ఆదివారం అర్థాలు మూసి, వాక్యాలు మాత్రమే చదివి చూసుకోండి. వచ్చే వారం 'హెడ్' మొదలుపెట్టండి. శాఖాధిపతి, మనుషుల లెక్క, ఒక దిక్కుగా సాగడం, ఈ మూడూ ఆ పేజీలోకే వస్తాయి.